సరకుల రాకపోకల శాస్త్రము – మన బిడ్డల విద్యావృత్తి

(మన సంఘము వారి వార్షిక విద్యార్థి సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇట్టి సభలలో వైద్యవిద్యను గూర్చియో, ఇంజనీరింగును గూర్చియో, సర్కారు కొలువులను గూర్చియో మాటలాడుట పరిపాటి. ఆ విద్యలను మేము కాదనము. కాని బళ్ళారిలో పుట్టి పెరిగిన తెలుగు బిడ్డకు ఇంటి గడప దాటినంతనే కన్నులకు కానవచ్చు విద్య యొకటి కలదు. దానిని మనము విద్యయని యెన్నడును ఎంచలేదు. నేడు దానిని గూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచినాము.

ఆ శాస్త్రమునకు ఇంగ్లీషున లాజిస్టిక్సు అనియు, సప్లై చైన్ మేనేజిమెంటు అనియు పేర్లు. సరకుల రవాణా శాస్త్రము, సరఫరా గొలుసు నిర్వహణము అని మనము చెప్పుకొనవచ్చును. ఏ వస్తువు, ఎంత, ఎచ్చటినుండి ఎచ్చటికి, ఏ దారిని, ఏ దినమునకు చేరవలెను, నడుమ ఎచ్చట నిలువయుండవలెను, దానికి వ్యయమెంత, ఒక చోట తప్పినచో తక్కిన చోటుల ఏమగును – ఈ ప్రశ్నలకు అంకెలతో సమాధానము చెప్పుటయే ఈ శాస్త్రము చేయు పని. లారీ నడుపుట యొక పని. లారీ కార్యాలయము నడుపుట రెండవ పని. ఈ రెండును ఎట్లు నడువవలెనో పరిశోధించి, వ్రాసి, బోధించుట మూడవ పని. మనవారిలో లారీల యజమానులు కలరు, కాటా యొద్ద గుమాస్తాలు కలరు, మండీలలో దలాలులు కలరు, గూడ్సు షెడ్డులలో హమాలీలు కలరు. మూడవ పనిలో ఉన్నవారు మాత్రము అరుదు. నేటి మా మాట ఆ మూడవదానిని గూర్చియే.

మన నేలయే పాఠశాల

ఈ శాస్త్రమునకు పేరు క్రొత్తది గాని పని ప్రాతది. మన హంపీ సంగతియే చూడుడు. విజయనగర రాజ్యమునకు మేలుజాతి గుఱ్ఱములు హొర్ముజునుండి సముద్రముపై రావలెను. గోవాలోనో, భట్కళములోనో దిగి, కనుమలెక్కి, తుంగభద్రా తీరమునకు చేరవలెను. పోర్చుగీసు వాడగు నూనిజ్ వ్రాసిన వృత్తాంతమున కృష్ణదేవరాయలు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనెడివాడని కలదు. అంతకు ముందు సాళువ నరసింహరాయలు, సముద్రమున చచ్చిన గుఱ్ఱమునకు సైతము దాని తోక తెచ్చి చూపినచో వెల యిచ్చెడివాడని అతడే వ్రాసినాడు. ఇది వట్టి ఔదార్యము కాదు. దారిలోని నష్టము వర్తకునిపై బడినచో వర్తకుడు మరల రాడు. ఆ నష్టమును కొనువాడు భరించినచో సరకు ఆగదు. నేటి విశ్వవిద్యాలయములలో సరఫరా ఒప్పందములను గూర్చి బోధించు పాఠములలో ఇదియొక ముఖ్యమైన పాఠము. రేవులను పెంపొందించి వర్తకుల నాదరింపవలెనని ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున రాయలవారే బోధించిరి.

అటుపిమ్మట లంబాడీల మాట చెప్పవలెను. పెరికెలు కట్టిన ఎడ్ల మందలతో ఉప్పును, ధాన్యమును దక్కను అంతట త్రిప్పి, సైన్యములను సైతము పోషించినవారు వారు. వారి వంశీకులు నేటికిని సండూరు కొండల చుట్టును, మన జిల్లా తండాలలోను ఉన్నారు. వారి దారులు, మజిలీలు, మేత బీళ్ళు – వీని నన్నిటిని చేర్చి శ్రద్ధగా పరిశోధించు పిల్లవాడు మన వైపు బయలుదేరినచో అది గొప్ప గ్రంథమగును.

కరవు నేర్పిన పాఠము

ఈ శాస్త్రము ప్రాణములతో ముడివడినదని మన జిల్లాకు ఎవరును క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1876–78 నాటి మహాకరవును మన ముత్తాతలు చూచిరి. 1871 జనాభా లెక్కలలో బళ్ళారి జిల్లాయందు 9,11,755 మంది యుండగా, 1881లో 7,26,275 మంది మిగిలిరి. అనగా నూటికి ఇరువదిమంది తగ్గిరి. ఆ కాలమునకు రైలు బళ్ళారికి రాలేదా? వచ్చినది. 1877 ఆగస్టులో వైస్రాయి లిట్టన్ ప్రభువు మదరాసు గవర్నరును కలిసికొన్నది ఈ బళ్ళారిలోనే. రేవులలో ధాన్యమును దిగినది.

మరి గింజ గ్రామమునకు ఏల చేరలేదు? రైలు స్టేషను వరకే వచ్చును. అచ్చటినుండి గ్రామమునకు ఎడ్లబండి కావలెను. వాన లేక గడ్డి లేదు, గడ్డి లేక ఎడ్లు చచ్చినవి, ఎడ్లు లేక బండి కదలదు. మిగిలిన ఎడ్లును దారిలో మేత దొరకనిచో, మోసెడి బరువులోనే తమ మేతను గూడ మోసికొనవలెను. దూరము పెరిగిన కొలది ఊరికి మిగులు గింజ తగ్గును. ధర పెరిగినది, కొనుటకు చేతిలో కూలి లేదు. ఆ కూలిని సైతము సర్ రిచర్డు టెంపుల్ దొర తగ్గించి, మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునన్నాడు. అది చాలదని మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. ఒక వైపు అంకెలు ప్రజలను చంపినవి, వేరొక వైపు అంకెలు ప్రజల పక్షమున పోరాడినవి.

1880లో కరవు సంఘము నివేదిక వచ్చినది. ఆ దశాబ్దములోనే బళ్ళారినుండి హొసపేట, గదగు మీదుగా హుబ్బళ్ళి వైపు మీటరుగేజి రైలుదారి పడినది. కాని గుంతకల్లులో పెద్ద పట్టాల దారియు చిన్న పట్టాల దారియు కలిసినందున, ఒక వ్యాగనులోని బస్తాలను దింపి రెండవ వ్యాగనులో ఎక్కింపవలసి వచ్చెడిది. పట్టాల వెడల్పులో గల ఆ భేదమును తలపై మోసినవారు హమాలీలు. 20వ శతాబ్దపు చివరి దశకములలో గేజి మార్పు జరుగువరకు ఆ మోత తప్పలేదు. ఇట్టివన్నియు మన శాస్త్రమునకు ప్రశ్నలే.

శాస్త్రము పుట్టిన విధము

ఇరువదవ శతాబ్దమున ఈ ప్రశ్నలను గణితమునకు ఎక్కించిరి. 1913లో అమెరికాలో ఫోర్డు హారిస్ అను ఇంజనీరు ఎంత సరకును ఒక్క తడవ తెప్పించినచో నిలువ ఖర్చును, తెప్పించు ఖర్చును కలిసి తక్కువగునో సూత్రము చెప్పినాడు. 1939లో రష్యాలో కాంటరోవిచ్, 1947లో అమెరికాలో డాంట్జిగ్, పరిమితమైన వనరులను పంచుటకు లెక్కల మార్గము కనుగొనిరి. కాంటరోవిచ్‌కు 1975లో కూప్‌మన్స్‌తో కలిపి నోబెల్ బహుమానము వచ్చినది.

ఆ లెక్క మన పిల్లలకు బోధపడునట్లు చెప్పెదము. రెండు గిడ్డంగులున్నవి, రెండు ఊళ్ళున్నవి. ఒక్కొక్క గిడ్డంగిలో నూరు బస్తాలు. ఒక్కొక్క ఊరికి నూరు బస్తాలు కావలెను. మొదటి గిడ్డంగినుండి మొదటి ఊరికి బస్తాకు 10 రూపాయలు, రెండవ ఊరికి 12. రెండవ గిడ్డంగినుండి మొదటి ఊరికి 15, రెండవ ఊరికి 40. తొందరపడువాడు అన్నిటికంటె చవుకయగు 10 రూపాయల దారిని మొదట పట్టును. అప్పుడు రెండవ గిడ్డంగికి 40 రూపాయల దారి తప్ప గతి లేదు. మొత్తము 5,000 రూపాయలగును. ఆ చవుక దారిని విడిచి, 12, 15 రూపాయల దారులను పట్టినవానికి 2,700 రూపాయలే యగును. ఒకనికి చవుకయైనది అందరికిని చవుక కాకపోవచ్చును. నాలుగు దారులైనచో నోటితో చెప్పవచ్చును. నాలుగువేల దారులైనచో శాస్త్రము కావలెను.

మన దేశమున ఈ పరిశోధనకు తొలి కేంద్రము 1949లో హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనాలయమున ఏర్పడినదని ఈ శాస్త్రపు పాఠ్యగ్రంథములు చెప్పును. 1957లో భారత ఆపరేషనల్ రీసెర్చి సంఘము స్థాపితమైనది. సప్లై చైన్ మేనేజిమెంటు అను మాట 1982లో వాడుకలోనికి వచ్చినది.

హడగలిలో పుట్టిన మహనీయుడు

ఈ విద్యకు పునాది గణితమును, గణాంక శాస్త్రమును. ఆ గణాంక శాస్త్రమున లోకమంతయు తలవంచిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన మన హూవినహడగలిలో ఒక తెలుగింట జన్మించిరి. ఆ ఊరు నాడు బళ్ళారి జిల్లాలోనిది. 2021నుండి విజయనగర జిల్లాలోనిది. తండ్రిగారు పోలీసు శాఖలో ఉద్యోగి. బదిలీల వలన కుటుంబము ఆంధ్రమున పలుచోట్ల నివసించినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున ఎం.ఏ. పట్టము పొంది, యుద్ధకాలమున ఒక ఉద్యోగమునకై వారు కలకత్తా వెళ్ళిరి. ఆ ఉద్యోగము రాలేదు. కాని ఆ ఊరిలో భారత గణాంక సంస్థ యొకటి కలదని తెలిసి, 1941 జనవరి 1న అచ్చట చేరిరి. 1945లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, వారు ప్రకటించిన ఒక్క వ్యాసము వారి పేరును శాస్త్రములో శాశ్వతము చేసినది. వారు కల్పించిన ‘ఆర్థొగొనల్ అరేస్’ అను అంకెల అమరిక కొలదిపాటి ప్రయోగములతో వస్తువుల నాణ్యమును పెంచుటకు కర్మాగారములలో నేటికిని ఉపయోగపడుచున్నది. వారికి 2001లో పద్మవిభూషణమును, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమానమును లభించినవి. 2023 ఆగస్టు 22న, నూట రెండేండ్లు నిండిన వయస్సున, దివంగతులైరి.

వారి పేరు చెప్పి మురియుట మా ఉద్దేశము కాదు. రాని ఉద్యోగము కొరకు వెళ్ళిన చోట, ఉన్న విద్యను గుర్తించిరి. ఆ గుర్తింపు మన పిల్లలకు కావలెను. విద్య యొకటి కలదని తెలియకపోవుటయే మనకు గల పెద్ద లోటు.

నేటి బళ్ళారిలోని ప్రశ్నలు

పరిశోధనకు విషయము లేదని ఎవరైన అన్నచో వారిని సండూరు దారిలో నిలువబెట్టవలెను. 2000 తరువాతి దశాబ్దమున చైనా గిరాకీ పెరిగి, ఇనుప రాయి లారీలు మన రోడ్లను నింపినవి. 2011 జూలైలో సుప్రీము కోర్టు గనుల త్రవ్వకమును నిలిపినది. తరువాత బళ్ళారి గనులకు ఏడాదికి ఇంత యని హద్దు విధించినది; ఆ హద్దు 2022లో 3 కోట్ల 50 లక్షల టన్నులకు పెరిగినది. ఒక గూడ్సు బండిలో 58 వ్యాగనులు, ఒక్కొక్క దానిలో 65 టన్నులు అనుకొన్నచో, ఒక్క బండి 3,770 టన్నులు మోయును. ఇరువది టన్నుల లారీలైనచో దానికి 189 కావలెను. ఏ గనికి రైలు, ఏ గనికి కన్వేయరు, ఏ గనికి లారీ తగును. ఆ ధూళిని పీల్చు గ్రామమునకు కలుగు నష్టమును ఏ పద్దున వ్రాయవలెను? కూలి చీటీలు మన చేతనున్నవి. ఈ లెక్క మాత్రము అన్యులు చేయుచున్నారు.

రెండవది మిరపకాయ. మన రైతు బళ్ళారినుండి సుమారు 200 కిలోమీటర్ల దూరమున నున్న బ్యాడగి మార్కెటునకు ఎండు మిరపకాయలు తీసికొనిపోవుచున్నాడు. గుంటూరు యార్డు అంతకు రెట్టింపు దూరమునకు పైబడినది. 2024 మార్చి 11న బ్యాడగిలో ధర పడిపోయి, రైతులు ఆగ్రహించి మార్కెటు సమితి వాహనములను తగులబెట్టిరి. ధర ఎందుకు పడినదో మేము తీర్పు చెప్పబోము. కాని సరకు అంతయు ఒక్క వారమున ఒక్క యార్డునకే చేరినప్పుడు, రైతుకు నిలువ చేసికొను గిడ్డంగి దగ్గర లేనప్పుడు, వెనుకకు తీసికొనిపోవుటకు లారీ కిరాయి చేతిలో లేనప్పుడు, బేరము కొనువాని చేతిలోనిది యగును. శీతల గిడ్డంగి ఎచ్చట కట్టవలెను, ఎంత పెద్దది కట్టవలెను, ఏ వారమున ఏ యార్డునకు పంపవలెను – ఇది పైన చెప్పిన నాలుగు దారుల లెక్కయే. దానిలో రైతు బ్రతుకు ఇమిడియున్నది.

మూడవది మన సరిహద్దు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి, తక్కిన జిల్లా మైసూరునకు వచ్చినది. ఒకే సంతకు పోవు బండ్ల నడుమ గీత పడినది. దానివెంట అమ్మకపు పన్ను తనిఖీ ఠాణాలు వచ్చినవి. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చి ఆ ఠాణాలు తొలగినవి. 2018 ఏప్రిలు 1నుండి ఈ-వే బిల్లు అమలులోనికి వచ్చినది. అరువది యేండ్లకు పైగా మన లారీలు ఆ గీత యొద్ద నిలిచిన గంటల వెల యెంత? ఆ ఠాణాలు పోయిన పిమ్మట లాభము ఎవరికి చేరినది – రైతుకా, వర్తకునికా, కొనువానికా? ఇది మన జిల్లా బిడ్డ పిహెచ్.డి. కొరకు చేపట్టదగిన విషయము.

నాలుగవది, అందరికిని జ్ఞాపకమున్నది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయినది. అటు రాయలసీమ, ఇటు మన నాలుగు జిల్లాలు గుండె చేత పట్టుకొనినవి. నిపుణులగు కన్నయ్యనాయుడుగారి సలహాతో ఉక్కు పలకలు సిద్ధము చేయించి, భారీ వాహనములపై తెప్పించి, ప్రవాహములోనే దింపి, వారము దినములలో నీటిని నిలిపిరి. ఎచ్చట తయారు చేయవలెను, ఏ దారిని తేవలెను, ఏ క్రేను ఏ గంటకు రావలెను అను ఏర్పాటు కుదురనిచో ఎంతటి ఇంజనీరు చేతనైనను ఆ పని కాకపోవును. గొలుసులో ఒక్క లంకె యెంత విలువయైనదో ఆ రాత్రి నేర్పినది.

ఈ వృత్తిలో ప్రవేశించు విధము

ఇక విద్యార్థులు అడుగు ప్రశ్న: ఏమి చదువవలెను? గణితముగాని, గణాంక శాస్త్రముగాని, వాణిజ్యముగాని, ఇంజనీరింగుగాని డిగ్రీలో చదివినవారు ఎవరైనను ఇందు ప్రవేశింపవచ్చును. లెక్కయనిన భయము మాత్రము ఉండరాదు. పిమ్మట ఎం.బి.ఏ., ఎం.టెక్., లేక ఎం.ఎస్సీ. ఆ తరువాత పరిశోధన. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము నాలుగేండ్ల డిగ్రీలో 75 శాతము మార్కులు వచ్చినవారు నేరుగా పిహెచ్.డి.కి అర్హులు. ఆ పట్టమునకు కనీసము మూడేండ్లు పట్టును. నెట్ పరీక్షలో పరిశోధక వేతనము గెలిచినవారికి 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలును, రెండేండ్ల పిమ్మట 42,000 రూపాయలును నిర్ణయమైనవి. ఇది బీద యింటి పిల్లలు గట్టిగా గుర్తుంచుకొనవలసిన మాట. పరిశోధన ధనవంతుల వేడుక యని మనవారిలో ఒక భ్రమ కలదు. నెట్‌లో వేతనము గెలిచినవాడు ఇంటికి భారము కాడు.

చోట్లు చెప్పెదము. ముంబయిలో 1963లో నీటీ యను పేర స్థాపింపబడి, 2023లో ఐ.ఐ.ఎం. అయిన సంస్థ ఈ విద్యకు పేరుపొందినది. వడోదరలో 2018లో రైలు రవాణా విద్యాలయముగా మొదలై, 2022లో కేంద్ర విశ్వవిద్యాలయమైన గతిశక్తి విశ్వవిద్యాలయము కలదు. విశాఖపట్టణమున 2015నుండి ఐ.ఐ.ఎం. కలదు, భారత సముద్రయాన విశ్వవిద్యాలయపు ప్రాంగణమును అచ్చట కలదు. బెంగుళూరు, మదరాసు ఉన్నత విద్యాసంస్థలు మనకు ఒక రాత్రి ప్రయాణము. బళ్ళారిలోనే 2010లో స్థాపింపబడిన విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము కలదు.

కష్టములను దాచుట న్యాయము కాదు. స్థిరమైన అధ్యాపక పదవులు కొద్ది. పట్టము చేతికి వచ్చిన పిమ్మటను కొన్నేండ్లు అతిథి ఉపన్యాసకులుగా చాలీచాలని జీతముతో గడపుచున్నవారు అన్ని జిల్లాలలోను కలరు. కంపెనీలో చేరిన తోటివాడు కారు కొనునాటికి మన పిల్లవాడు వ్యాసము దిద్దుకొనుచుండును. పుస్తకములన్నియు ఇంగ్లీషున నున్నవి. ఇది యెఱిగి, దీక్ష కలవారే రావలెను.

కాని ఒక బలము మనకే కలదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు – ఈ మూడును వచ్చిన బిడ్డ సిరుగుప్ప రైతుతో కన్నడమున, ఆదోని మండీ దలాలితో తెలుగున మాటలాడి, ఆ సంగతిని ఇంగ్లీషున లోకమునకు వ్రాయగలడు. దూరపు నగరములనుండి వచ్చు పరిశోధకునికి దుబాసీ కావలెను; వీనికి అక్కరలేదు. అల్పసంఖ్యాకులమని మనము నిట్టూర్చు చోటనే ఈ లాభము కలదు. ఆడపిల్లలకును ఈ మాట వర్తించును. మండీలో బేరమాడుటకు రానివ్వని ఆచారము గ్రంథాలయములో లేదు.

సంఘమునకు విన్నపము

సంఘము వారికి మూడు విన్నపములు. మొదటిది, పదవ తరగతి దాటిన పిల్లలకు వారమున కొక సాయంకాలము గణిత, గణాంక పాఠములు ఈ భవనముననే చెప్పింపవలెను. రెండవది, నెట్, గేట్ మొదలగు పరీక్షల రుసుమును, ప్రయాణపు ఖర్చును బీద విద్యార్థులకు బదులుగానైన ఇచ్చు నిధి నొకటి ఏర్పరుపవలెను. మూడవది, ఏటేట ఒక్క విద్యార్థి చేత మన జిల్లాకు సంబంధించిన ఒక సరకు దారిని – బియ్యమో, ప్రత్తియో, జీన్సు బట్టయో – అది పుట్టిన చోటినుండి అమ్ముడైన చోటి వరకు వెంబడింపజేసి, ఎవరి చేతిలో ఎంత ఖర్చు, ఎంత ఆలస్యమైనదో తెలుగున వ్రాయించి, మన వారపత్రికలో ప్రకటింపవలెను. పరిశోధన నేర్చుటకు అంతకు మించిన పాఠము లేదు. శాస్త్రమునకు తెలుగు మాటలు పుట్టుటకును వేరొక మార్గము లేదు.

తలిదండ్రులారా, 1877లో ఈ జిల్లాలో గింజ లేక మాత్రమే ప్రజలు చావలేదు. గింజ చేరక చచ్చిరి. చేర్చు విద్యను చేతబట్టినవారు నాడు మనవారు కారు. మీ బిడ్డలలో ఒక్కరైనను ఆ విద్యను అభ్యసించి, తిరిగి ఈ జిల్లా ముఖము చూతురుగాక యని కోరుచున్నాము.